అన్నీ నో కొట్టే పేజీ

2024 వేసవి. చండ్రుగొండలో ఎరువుల దుకాణానికీ టైలర్ షాపుకీ నడుమ నా ఆన్‌లైన్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, ఒక ప్రింటర్, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే కూలర్. భూమి పహాణీ నకళ్లు, కుల ధ్రువీకరణ పత్రాలు, పరీక్షల దరఖాస్తులు రోజూ ఉండే పని. వాటితోపాటు పన్నెండేళ్లుగా పాస్‌పోర్టు, వీసా ఫారాలు కూడా నింపుతున్నాను. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపి ఆ అనుభవంతో ఆఫ్రికా గనులకు పోయేవాళ్లు, గల్ఫ్‌లో వంటపనికి కుదిరిన ఆడవాళ్లు, మక్కా యాత్రకు బయల్దేరే ముసలి దంపతులు, అందరూ నా ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పోయినవాళ్లే.

నాకు ముక్కు మీద కోపమని ఊళ్లో పేరు. ఉన్నమాటే. పుట్టిన తేదీ అడిగితే "మీరే ఏదో ఒకటి వెయ్యండి మేడం" అనేవాళ్లను రోజుకు పదిమందిని చూస్తే ఎవరికైనా కోపం రాక ఏమొస్తుంది? కానీ ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో తప్పు నాది. అది ముందే ఒప్పేసుకుంటే నాకూ తేలిక.

వీసా ఫారం ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎందుకు పోతున్నారు, ఎన్నాళ్లుంటారు, ఎవరు పిలిచారు, తిరిగి వస్తారనడానికి రుజువేంటి. వీటి మీద చెమటోడుస్తాం. చివర్లో బ్యాక్‌గ్రౌండ్ క్వశ్చన్స్ అని ఒక పేజీ వస్తుంది, అంటే మన గతం గురించిన ప్రశ్నలు. క్షయ ఉందా, ఏ దేశమైనా ఎప్పుడైనా వీసా నిరాకరించిందా, ఎక్కడైనా అరెస్టయ్యారా, ఇలాంటివి. ప్రతిదానికీ ఎస్, నో అని రెండు గడులు. ఆ పేజీని నేను ఏనాడూ కస్టమర్‌కు చదివి వినిపించలేదు. పైనుంచి కిందిదాకా నో కొట్టుకుంటూ పోయేదాన్ని. అడిగితే భయపడతారు, భయపడితే ఆలస్యం. అర నిమిషంలో అయిపోయే పేజీ. దానికి నేను పెట్టుకున్న పేరే నోల పేజీ.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం కుర్సం జోగమ్మ నా సెంటర్‌కు వచ్చింది. అడవిలోకి పోయే దారిలో ఒక కోయగూడెం ఆమెది. యాభై అయిదు దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది, భుజాన గుడ్డసంచి. ఇంట్లో కోయ భాష, మాతో తెలుగు. కొర్రలు, సామలు, కొండజొన్నలు, ఇప్పుడు అంగట్లో కనబడని పాతరకం కందులు ఏటా వేసి, మంచి గింజ ఏరి, బూడిద కలిపి ఆనపకాయ బుర్రల్లో దాచిపెడుతుంది. చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి ఏ విత్తనం తప్పిపోయినా ఆమె ఇంటికే వస్తారట. ఆమె వెంట హైదరాబాదు స్వచ్ఛంద సంస్థ కోఆర్డినేటర్ రాజేందర్ ఉన్నాడు. ఒక మంచుదేశంలో అక్టోబరులో విత్తనాలు దాచేవాళ్ల సభ ఉందనీ, అక్కడ మాట్లాడటానికి జోగమ్మను పిలిచారనీ చెప్పాడు. ఆ దేశం పేరు రాయను. రేపు మళ్లీ వాళ్ల ఫారాలే నింపాలి నేను.

"ఏం పని చేస్తవమ్మా?" అని మొదలుపెట్టాను.

"ఎవుసం."

"ఎవరి కింద?" ఫారంలో ఎంప్లాయర్ అని ఒక గడి ఉంటుంది, యజమాని పేరు రాయాలి.

"ఎవ్వరి కింద చెయ్య."

"ఎప్పటిసంది చేస్తున్నవ్?" పదేళ్ల పని వివరాలు నెలతో సహా కావాలి.

"నడక నేర్సినకాడి నుంచి."

క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సెల్ఫ్ ఎంప్లాయిడ్, అంటే సొంతపని అని కొట్టి ముందుకు పోయాను. ఆహ్వాన పత్రం ఎక్కించాను. నోల పేజీ అర నిమిషంలో ముగించాను.

సబ్మిట్ కొట్టేముందు డ్రాఫ్టు ప్రింటు తీసి, అంతా సరిగ్గానే ఉందని కస్టమర్ చేత సంతకమో వేలిముద్రో పెట్టించుకోవడం నా అలవాటు. రేపు ఏదైనా తేడా వస్తే నా మీద పడకుండా. ఆ కాగితాలు ఎవరూ చదవరు, చదవమని నేనూ అనను. ప్రింటు ఆమె ముందు పెట్టి ఇంకు ప్యాడ్ జరిపాను. జోగమ్మ వేలు కదల్లేదు.

"చదువు బిడ్డా."

"అన్నీ నువ్వు చెప్పినయే గదమ్మా, నేను కొట్టిన."

"అవ్, చెప్పింది నేనే. రాసింది నువ్వు గద. ఏం రాసినవో చదువు."

"తొమ్మిది పేజీలున్నయ్."

"నా బస్సు నాలుగింటికి."

"నా మీద నమ్మకం లేదా ఏంది?"

"నీ మీద ఉంది. కాయితం మీద లేదు."

నాకు ఒళ్లు మండింది. వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. కుర్చీలో జారగిలబడి, గొణుక్కుంటూ ఒక్కో లైను తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆమె కళ్లు మూసుకుని వింటూ లైను లైనుకూ "అవ్" అంటోంది. చిరునామా దగ్గర ఆపింది. మండలం పేరు ఉంది, మా గూడెం పేరేదని అడిగింది. గడిలో చోటు చాలదని వదిలేశానన్నాను. "మేం ఉన్న చోటే రాయకపోతే ఎట్ల?" అంది. మళ్లీ తెరిచి గూడెం పేరు ఇరికించాను.

నోల పేజీ వచ్చింది. "ఇగ ఇయ్యన్నీ నీకు సంబంధం లేనియమ్మా. అన్నిటికీ నో పెట్టిన" అన్నాను.

"సంబంధం లేదని నువ్వెట్ల జెప్తవ్? అడిగింది నన్ను గద."

సరే, ఇంతసేపు చదివినదాన్ని, ఈ నాలుగు ముక్కలు చదివితే పోయేదేముంది అనుకున్నాను. క్షయ ఉందా? లేదంది. వీసా ఎప్పుడైనా కాదన్నారా? ఇదే మొదలు గద అంది. "ఏ దేశంలనన్న, ఎప్పుడన్న నిన్ను అరెస్టు చేసిన్రా?"

"చేసిన్రు" అంది జోగమ్మ, కళ్లు తెరిచి. "ఖమ్మం జైల్ల పదకొండు దినాలున్న. నువ్వేం రాసినవ్?"

"నో అని."

"అంటే?"

"లేదని."

"ఎవల్నడిగి రాసినవ్?"

ఇరవై ఏళ్లుగా కీబోర్డు ముందు కూర్చుంటున్నాను. ఎవరెంత గట్టిగా అరిచినా మాటకు మాట అప్పజెప్పేదాన్ని. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఇంకు ప్యాడ్ వెనక్కి లాక్కున్నాను. క్యూలో వాళ్లందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

బయట ఫోన్ మాట్లాడుతున్న రాజేందర్ లోపలికి వచ్చాడు. "మేడం, ఆ సంగతి ఎందుకు తీసిన్రు?" అన్నాడు. అంటే అతనికి ముందే తెలుసు.

జోగమ్మ అతని వంక చూడకుండా నాకే చెప్పింది. "పన్నెండేండ్లయితాంది బిడ్డా. అడవిల మా తాతల నాటి పోడు చేను. పొద్దుగాల ఇత్తనాలు జల్లుతాంటే ఫారెస్టోళ్లు జీపుల వచ్చిన్రు. నన్ను, ఇంకో నలుగురు ఆడోళ్లను ఎక్కిచ్చుకపోయి ఓ కాయితం ముంగట పెట్టిన్రు. వచ్చినట్టు హాజరు, వేలెయ్యి అన్నరు. ఏసినం. కోర్టుల చదివితే అది హాజరు గాదు. అడవి మేమే నరికినమని ఒప్పుకున్న కాయితం. జైలుకు పంపిన్రు. ఆరేండ్లు వాయిదాలు తిరిగినం. ఆఖరికి జడ్జి కేసు కొట్టేసిండు."

అప్పటినుంచి ఆ గూడెంలో ఒక కట్టుబాటు ఉందట. ఊళ్లోకి ఏ కాగితం వచ్చినా, రేషనుదైనా బ్యాంకుదైనా, చదువొచ్చినవాళ్లు నలుగురి మధ్య నిలబడి గట్టిగా చదవాలి. అందరూ విన్నాకే వేలు. "పెండ్లి పత్రిక గూడ నిలబడి చదివినంకనే తీసుకుంటం" అని నవ్వింది. రాజేందర్ నవ్వలేదు.

"అమ్మా, కేసు కొట్టేసిన్రంటే లేనట్టే లెక్క. ఎస్ అని పెడితే వీసా రాదు. వీసా రాకపోతే ఆఫీసోళ్లు నీ బదులు ఇంకొకల్ని పంపుతరు. ఒక్క టిక్కు కోసం ఇంత దూరం వచ్చింది పోగొట్టుకుంటవా?"

నేనూ అతనికే వంతపాడాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పాడాను. "అందరికీ గిట్లనే పెడ్తం అమ్మా."

"అందరికీ అడగకుండనే పెడ్తవా?"

ఆమె అతని వైపు తిరిగింది.

"రాజేందరూ, అక్కడ నన్నేం మాట్లాడమన్నరు?" అని అడిగింది జోగమ్మ.

"ఇత్తనం ఎట్ల కాపాడినవో చెప్పమన్నరు."

"ఆ ఇత్తనం జల్లుతాంటెనే పట్టుకపోయిన్రు. నేను జైల్ల ఉన్న పదకొండు దినాలు మా గూడెపోళ్లు భయపడుకుంటనే మిగిలిన చేను జల్లిన్రు. జల్లబట్టే ఆ కంది బతికింది. గది చెప్పకుంట నేనేం చెప్పాలె? గడపల అబద్ధమాడి, లోపటికి పోయి నిజం మాట్లాడాల్నా? నేను దొంగతనం చేసి పోలె జైలుకు. నా చేన్ల ఇత్తనం జల్లి పోయిన. నాకేం సిగ్గు లేదు, సిగ్గుపడేటోళ్లు వేరే ఉన్నరు. వీసా ఇస్తరో ఇయ్యరో వాళ్ల ఇష్టం. అవ్ అని రాయి."

రాజేందర్ వాళ్ల ఆఫీసుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతలి పెద్దమనిషి విసుగ్గా, ఖమ్మంలో మనకు తెలిసిన సెంటర్ ఉంది, అక్కడికి తీసుకుపోయి చేయించు అన్నాడు. అప్పటిదాకా నా మీద నాకున్న కోపమంతా ఆ ఫోన్ వైపు తిరిగింది.

"తీస్కపోండి సార్" అన్నాను. "అక్కడ గూడ ఆమె చదవమంటది. చదివితే ఇదే చెప్తది. ఆమె అవ్ అన్నకాడ నో కొట్టేటోళ్లు మీకు దొరుకుతరు, నిన్నటిదాంక నేనూ గట్లనే కొట్టిన. ఇగ నేనైతే కొట్ట."

ఫారంలో అబద్ధం బయటపడితే ఏళ్ల తరబడి ఆ దేశం గడప తొక్కనివ్వరన్న సంగతి నాకు తెలుసు. దాని గురించి చెప్పి అతన్ని భయపెట్టి ఉండొచ్చు. కానీ ఆ క్షణంలో నాకు తట్టింది అది కాదు. ఆమె బతుకులో జరిగిన పదకొండు రోజుల్ని ఆమెను అడక్కుండా తుడిచేశాను నేను. ఆనాడు హాజరని చెప్పి వేలేయించుకున్నవాళ్లకూ, ఇంకు ప్యాడ్ ముందుకు జరిపిన నాకూ తేడా ఏముంది?

రాజేందర్ ఫోన్ కట్ చేశాడు, జోగమ్మ కుర్చీ వదల్లేదు. ఎస్ కొట్టాను. కొట్టగానే కింద వివరాలు రాయమని ఖాళీ డబ్బా ఒకటి తెరుచుకుంది. పన్నెండేళ్లలో ఆ డబ్బా కనబడటం అదే మొదటిసారి.

మర్నాడు జోగమ్మ కోర్టు తీర్పు నకలు తెచ్చింది. మడతల దగ్గర చిరిగి, పాలిథిన్ కవర్లో విత్తనాల బూడిద అంటుకుని ఉంది. విత్తనాలతోపాటే అటక మీద దాచిందట. స్కాన్ చేసి ఎక్కించాను. దాంతోపాటు లెటర్ ఆఫ్ ఎక్స్‌ప్లనేషన్, అంటే జరిగింది మన మాటల్లో వివరించే ఉత్తరం ఒకటి రాయాలి. పొరపాటు వల్ల అరెస్టు జరిగింది అని మెత్తగా రాసి చదివి వినిపించాను. "పొరపాటు గాదు, ఎరికుండే పట్టుకపోయిన్రు. తీసెయ్" అంది. తీసేశాను.

తర్వాత హైదరాబాదులో బయోమెట్రిక్స్ ఇచ్చి వచ్చింది. అది ఫొటోతోపాటు పది వేళ్ల ముద్రలు తీసుకోవడం. మట్టిపనికి గీతలరిగిపోయిన వేళ్లు మిషను మీద ఎంతకూ పడలేదట, నాలుగుసార్లు తీశారట. "ఆనాడు ఒక్క వేలుకే లోపలేసిన్రు, ఇప్పుడు పది వేళ్లిస్తే గూడ తలుపు తెరుస్తలేరు" అంది నాతో.

జులైలో జవాబు వచ్చింది. నిరాకరణ.

రాజేందర్ ఫోన్ చేసి, "చెప్తే విన్నరా? ఇప్పుడేమైంది?" అన్నాడు. నేను ఉత్తరం మొత్తం అతనికి చదివాను. అందులో అరెస్టు మాట ఎక్కడా లేదు. ఇంతకుముందు ఏ దేశమూ తిరగలేదనీ, చేసే పనినిబట్టి గడువు తీరాక తిరిగి వెళ్తుందన్న నమ్మకం కలగలేదనీ రాశారు. అతను ఫోన్ పెట్టేశాడు.

జోగమ్మ వచ్చి ఆ ఉత్తరమూ చదివించుకుంది. "జైలు ముచ్చట లేదా?"

"లేదమ్మా. పోయినదానివి మళ్ల రావేమోనని వాళ్ల అనుమానం."

ఆమె చాలాసేపు నవ్వింది. "ఆ మంచుల ఉండి నేనేం జల్లాలె బిడ్డా?"

నాకు మాత్రం నవ్వు రాలేదు. తిరిగి వస్తుందనడానికి రుజువు పెట్టాల్సింది నేను. పోడు చేసుకునేవాళ్ల దగ్గర భూమి కాగితం ఏముంటుందిలే అనుకుని అసలు అడగనే లేదు. ఆ రోజు ఊరికే అడిగాను, "చేనుకు ఏమన్న కాయితం ఉందా అమ్మా?" అని.

"ఉంది. పోయినేడు పట్టా ఇచ్చిన్రు. నా పేరు మీదనే."

"ఏ చేనుకు?"

"ఏ చేనేంది? గదే చేను. జైలుకు పోయిన చేను."

కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లి, కాసేపు ఎరువుల దుకాణం ముందు నిలబడి లోపలికి వచ్చాను. ఒకే మనిషి విషయంలో రెండుసార్లు అడక్కుండా ఊహించుకున్నాను. మొదటిసారి ఆమె నిజం పోయేది, రెండోసారి ఆమె ప్రయాణమే పోయింది.

2025లో ఆ సభవాళ్లు జోగమ్మను మళ్లీ పిలిచారు. నేరుగా ఆమె పేరు మీదే ఆహ్వానం వచ్చింది. ఈసారి ఎవరూ తీసుకురాలేదు, తనే బస్సెక్కి వచ్చింది. ఒక్కో గడీ అడిగి, చదివి, ఆమె సరేనన్నాకే నింపాను. మిగతా కస్టమర్లను మర్నాడు రమ్మన్నాను. నోల పేజీకి వచ్చాం.

"అమ్మా, వీసా ఎప్పుడన్న కాదన్నరా అంటే ఇప్పుడు అది గూడ ఎస్ అయితది."

"పెట్టు. రెండయితే రెండు. ఉన్నది ఉన్నట్టు పెట్టు."

రెండు డబ్బాలు తెరుచుకున్నాయి. రెండూ నింపాను. పట్టా ఎక్కించాను. తిరిగి వస్తారనడానికి కారణం అన్న చోట ఆమె చెప్పిందే ఇంగ్లీషులో పెట్టాను. ఈ చేను కోసం పదకొండు రోజులు జైల్లో ఉన్నాను, దీన్ని వదిలి నేనెక్కడుంటాను అని. ఇన్నేళ్లలో ఏ ఫారంలోనూ నేను రాయని వాక్యం అది.

సెప్టెంబరులో వీసా వచ్చింది.

పోయేముందు ఆ దేశపు నిబంధనలు కూడా చదివి వినిపించాను. ప్రత్యేక అనుమతి కాగితం లేకుండా విత్తనాలు తీసుకుపోకూడదు. విత్తనాల సభకు వట్టి చేతులతో పోవాలా అని గునిసింది. సంచి నా బల్ల మీదే దులిపి చూపించి, చీరకొంగు ముడిలో ఉన్న నాలుగు కందిగింజలు కూడా తీసి నాకే ఇచ్చి పోయింది. అవి నా పెన్నుల డబ్బాలో పెట్టాను.

తిరిగొచ్చిన వారానికి సెంటర్‌కు వచ్చింది. విమానం దిగినచోట మిషన్లుంటాయి, దేశంలోకి వచ్చేవాళ్లు ప్రవేశ ప్రశ్నలకు వాటి మీదే జవాబివ్వాలి. పక్కనున్న దుబాసీ అమ్మాయి తొందరపడుతూ తనే నొక్కబోతే, చదివినంకనే అని చెయ్యి పట్టి ఆపిందట.

"ఇత్తనాలు, చెట్లు, మాంసం తెచ్చినవా అని అడిగిన్రు బిడ్డా. నో కొట్టిన. నిజంగనే లేవు గద!"

ఇద్దరం నవ్వాం. సభలో ఏం మాట్లాడిందో అడిగాను. "నీకు చెప్పిందే చెప్పిన. జైలు ముచ్చటకాడ లేచి నిలబడ్డరు అందరు" అంది, అదేమంత విశేషం కానట్టు. నాకు మాత్రం కళ్లు తడిశాయి. ఆ మాట నా వేళ్లతోనే కదా చెరిపేయబోయాను.

ఆ పన్నెండేళ్లలో నేనెన్ని నోలు కొట్టానో, వాటిలో ఎన్ని నిజమో నాకు తెలియదు. ఆ భారం నాదే. ఇప్పుడు మాత్రం నా దగ్గర ఆ పేజీ అర నిమిషంలో అవ్వదు. "జల్దీ నో కొట్టు మేడం, బస్సు పోతది" అని డంపర్ డ్రైవర్లు గోల చేస్తారు. "కూసో. అడిగింది నిన్ను, నన్ను గాదు" అంటాను. కొందరు అలిగి వేరే సెంటర్‌కు పోతారు. పోనీ. కొందరు ఏదో ఒక ప్రశ్న దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "చెప్పొచ్చా మేడం?" అంటారు. ఆ డబ్బా ఇప్పుడు నాకు బాగా అలవాటే.

ఆ రోజు జోగమ్మకు ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చే చిన్న పని ఉంది. ఫారం ప్రింటు తీసి ఆమె ముందు పెట్టాను. ముచ్చటంతా అయ్యాక కూడా వేలు ముందుకు రాలేదు. నా మొహం వంక చూసింది. కుర్చీలోంచి లేచి, క్యూలో చివరివాళ్లకు కూడా వినబడేలా ఆ రెండు లైన్లూ గట్టిగా చదివాను.

"అవ్" అని వేలేసింది.